ఇంటి ముందు గదిలో పార్లర్: వచ్చినవారు మళ్లీ రావాలంటే

ఖమ్మం నుంచి అడిగిన చెల్లెలి ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆరు నెలల బ్యూటీషియన్ కోర్సు చేసి, ఇంటి ముందు గదిలో పార్లర్ తెరిచి మూడు నెలలైంది. ప్రారంభంలో ఫేషియల్ సగం ధరకే అని కరపత్రాలు పంచితే జనం బాగానే వచ్చారు. ధర మామూలు స్థితికి రాగానే వాళ్లలో దాదాపు ఎవరూ తిరిగి రాలేదు. పక్క వీధి పార్లర్‌లో థ్రెడింగ్ (దారంతో కనుబొమలు తీర్చడం) 10 రూపాయలు తక్కువ. వైరా రోడ్డు వైపు వెళితే ఏసీ సెలూన్లు. ఇప్పుడు ధర తగ్గించాలా, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు డబ్బు పెట్టాలా, అప్పు చేసి, నీటి ధారతో ముఖచర్మం శుభ్రం చేసే హైడ్రాఫేషియల్ యంత్రం కొనాలా అని అడిగారు.

నేను గుంటూరులో చాలా ఏళ్లుగా పార్లర్ నడుపుతున్నాను. నాదీ ఇంట్లోనే మొదలైంది. నా వద్ద పని నేర్చుకుని సొంతంగా పెట్టుకున్న అమ్మాయిలకు చెప్పిన మాటలే మీకూ చెబుతాను. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

అమ్మా, ముందు లెక్క చూద్దాం. కనుబొమలు చేయించుకున్నవారికి మూడు నాలుగు వారాల్లో వెంట్రుకలు మళ్లీ పెరుగుతాయి. మీ వద్ద 100 మంది ఉండి, ఒక్కొక్కరు మూడు వారాలకోసారి వచ్చారనుకోండి. రోజుకు దాదాపు ఐదుగురు. 200 మంది అయితే తొమ్మిది, పది మంది. ఒంటి చేత్తో పార్లర్ నడిపే మనిషికి అంతకు మించి ఊపిరి ఆడదు. ఊరంతటినీ మీ గుమ్మానికి రప్పించే ప్రయత్నం మీకు అక్కర్లేదన్న మాట. పేరు, ముఖం, కనుబొమ తీరు మీకు గుర్తుండే 200 మంది కావాలి. థ్రెడింగ్‌కు 50 రూపాయలేగా వచ్చేది అనుకోకండి. నెలనెలా కుర్చీలో కూర్చునే ఆ మనిషే ఒక రోజు చెంప తడుముకుంటూ "ఈ మచ్చకు ఏం చేయవచ్చండీ?" అని అడుగుతుంది. వాక్సింగ్, ఫేషియల్, చివరికి కూతురి ఓణీల ఫంక్షన్ మేకప్ కూడా ఆ కుర్చీలోంచే వస్తాయి.

మీ కరపత్రాలు చేసిన పని దీనికి ఎదురు. సగం ధర ఫేషియల్‌కు వచ్చినవారు ధర కోసం వచ్చారు, ధరతోపాటే వెళ్లిపోయారు. ఫేషియల్ కొందరు పండగకో పెళ్లికో చేయించుకునే పని. ఆ ఒక్కసారీ వాళ్లకు చౌకగా అయిపోయింది, ఇక మీతో పనేముంది? రాయితీ ఇవ్వాలనే ఉంటే మళ్లీ రావలసిన పనికి ఇవ్వండి. ఐదు థ్రెడింగులకు ఆరోది ఉచితం అని చిన్న కార్డు అచ్చు వేయించండి. లేదా ధర ముట్టుకోకుండా, ఫేషియల్‌కు వచ్చినవారికి అప్పర్ లిప్, అంటే పై పెదవి మీది రోమాలు తీయడం, ఉచితంగా చేయండి. దారం ఖర్చు, ఐదు నిమిషాల సమయం, అంతే పోయేది. ఒకసారి కిందికి దించిన ధరను మళ్లీ పైకి లేపడం మాత్రం ఎంత కష్టమో మీరు చూశారు కదా.

ఇక థ్రెడింగ్ గురించి. మీకు వచ్చని తెలుసు, అయినా చెబుతాను. కొత్త మనిషి రాగానే తల వెనక్కి వాల్చి దారం పట్టేయకండి. నిటారుగా కూర్చోబెట్టి, చేతికి అద్దం ఇచ్చి, "పోయినసారి చేయించుకున్నప్పుడు ఎక్కడ నచ్చలేదు?" అని అడగండి. దాదాపు ప్రతివారికీ ఒక ఫిర్యాదు ఉంటుంది. ఒకటి ఎత్తుగా, ఒకటి దిగువగా ఉందనో, తోక చిన్నదైపోయిందనో, సన్నగా లాగేశారనో చెబుతారు. ఆ ఫిర్యాదు విని తీర్చిన వారినే వాళ్లు వదలరు. పౌడరు రాసి, ఒక చేత్తో నుదురు, ఒక చేత్తో కనురెప్ప బిగుతుగా లాగి పట్టుకోమనండి. బిగుతు లేకపోతే దారం చర్మాన్ని కొరుకుతుంది. కింది వైపు వెంట్రుకలు తీసి, ఒక కనుబొమ అయ్యాక ఆగండి. మళ్లీ నిటారుగా కూర్చోబెట్టి అద్దం చూపండి. "ఇంకా సన్నగా చేయండి" అని ఆమె అడిగినా, ఈసారికి ఇంతవరకు ఉంచుదాం, మూడు వారాల తర్వాత చూద్దాం అనండి. తీసేయడం క్షణం పని, తీసేసింది పెరగడానికి వారాలు పడుతుంది. చివర్లో కలబంద జెల్ రాసేటప్పుడు ఆమె కళ్లు మూసుకునే ఉంటుంది. ఆ నిమిషం తొందరపడకండి.

ఇంకొక్కటి. దారాన్ని పళ్లతో పట్టుకునే అలవాటు ఉంటే మానేసి, మెడకు కట్టుకుని చేయడం సాధన చేయండి. మీ ఊపిరి ఆమె ముఖం మీద పడదు, నోటి తడి అంటిన దారం ఆమె కంటి వరకు పోదు. ఎవరూ నోరు తెరిచి చెప్పరు గానీ, చాలామంది పార్లర్ మార్చడానికి ఇదొక కారణం.

ఇంట్లో పార్లర్ పెట్టిన వారెవరూ నన్ను అడగని సంగతి ఒకటుంది. మీ ఇంట్లో మగవాళ్లు ఎటు నుంచి నడుస్తారు? మామగారు పేపరు చదువుకునే కుర్చీ ముందు గదిలోనే ఉంటే, వాక్సింగ్‌కు వచ్చిన అమ్మాయి థ్రెడింగ్ చేయించుకుని వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. ఎందుకు రాలేదో మీకెప్పటికీ తెలియదు. వీలైతే పార్లర్‌కు విడిగా వీధి వైపు గుమ్మం పెట్టించండి. లోపలి తలుపుకు గడియ ఉండాలి. కిటికీకి మందమైన తెర, వాక్సింగ్ చేసే చోట మరో తెర ఉండాలి. గుమ్మం మీద "ఆడవారికి మాత్రమే" అని బోర్డు పెట్టండి. కెమెరా పెట్టుకోవాలనుకుంటే గుమ్మం బయటే. ఈ నెల సంపాదన ఎంత వచ్చినా దీనికే ఖర్చు పెట్టమంటాను. వైరా రోడ్డు సెలూన్లకు ఏసీ ఉంది, అద్దాల తలుపులు ఉన్నాయి. వరుసగా నాలుగు కుర్చీలున్న చోట కంటే తెర వేసిన చిన్న గదిలో హాయిగా కూర్చునే ఆడవాళ్లు మన ఊళ్లలో బోలెడంత మంది. వాళ్లు మీ వాళ్లు.

దానితోపాటు, తోడు వచ్చినవారికి ఒక కుర్చీ వేయండి. మన వద్ద పార్లర్‌కు ఒంటరిగా వచ్చేవారు తక్కువ. తల్లీకూతుళ్లు, వదినా మరదళ్లు, పక్కింటావిడ ఇలా జంటగా వస్తారు. ఆ రెండో మనిషి అరగంట కూర్చుని మీ చేతులనే చూస్తుంది. మీ తువ్వాలు ఉతికిందా కాదా, వాక్స్ గరిటెను ఒకసారి వాడి మళ్లీ డబ్బాలో ముంచారా, బ్లేడు కొత్తది విప్పారా అన్నీ గమనిస్తుంది. మంచినీళ్లిచ్చి, ఫ్యాను ఆమె వైపు కూడా తిప్పండి. ఈ వ్యాపారంలో అంతకంటే చవకైన ప్రకటన లేదు.

నోటుపుస్తకం కొనండి, ఈ రోజే. పేరు, ఫోను నంబరు, ఏం చేశారు, కనుబొమ తీరు ఎలా అడిగారు, ఏ వాక్స్ పడింది, ఏది పడలేదు, జుట్టు రంగు వేస్తే ఏ షేడు, తేదీ రాసుకోండి. చివర్లో మళ్లీ రావలసిన తేదీ. రోజూ పొద్దున ఆ తేదీ చూసి నలుగురికో ఐదుగురికో వాట్సాప్‌లో పేరు పెట్టి రాయండి: "సుజాత గారూ, నమస్తే. థ్రెడింగ్ చేసి మూడు వారాలైంది. ఈ శనివారం ఐదింటికి గానీ, ఆదివారం పదింటికి గానీ మీకోసం సమయం ఉంచనా?" రెండు సమయాలు ఇవ్వడం ముఖ్యం. ఊరికే "రండి" అంటే చూద్దాంలే అనుకుంటారు. "మా ప్రియమైన కస్టమర్లకు శుభోదయం" అని పూలబొమ్మలు మాత్రం పంపకండి, దయచేసి. నంబరు బ్లాక్ అయ్యేది అందుకే.

వాట్సాప్ బిజినెస్ ఉచితమే, ధరల పట్టిక దానిలో పెట్టుకోవచ్చు. అయితే చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితా చేసి ఒకే సందేశం అందరికీ పంపితే, మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే అది చేరుతుంది. మీరు పంపుతూనే ఉంటారు, అవతల ఏమీ పోదు. కాబట్టి డబ్బు తీసుకునేటప్పుడే, "మీ ఫోను ఇవ్వండి, నా నంబరు పార్లర్ అని పేరు పెట్టి ఇస్తాను" అనండి. చాలామంది నవ్వి ఇచ్చేస్తారు.

గూగుల్ మ్యాప్స్‌లో మీ పార్లర్‌ను నమోదు చేయడం కూడా ఉచితమే. కొత్తగా బదిలీ మీద ఊరికొచ్చిన బ్యాంకు ఉద్యోగి, హాస్టల్ అమ్మాయి, నర్సు వెతికేది అందులోనే. సమయాలు సరిగ్గా పెట్టండి. తెరిచి ఉందని చూపిస్తే వచ్చిన మనిషి తాళం చూసి వెనక్కి వెళ్లకూడదు. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు ఇప్పుడే డబ్బు వద్దు. మీ 200 మంది మీ ఇంటికి నడిచో స్కూటీ మీదో వచ్చేంత దూరంలో ఉంటారు. వాళ్లు చూసేది మీ వాట్సాప్ స్టేటస్. ఫొటో పెట్టేముందు మాత్రం అనుమతి అడగండి, పెళ్లికూతురి విషయంలో రెండుసార్లు అడగండి. అమ్మాయి సరేనన్నా అత్తవారింట్లో పేచీ రావచ్చు. పూలజడ, జాకెట్టు వెనక పని, మెహందీ చేతులు ముఖం కనబడకుండా తీసి పెడితే మీ పనితనమూ కనిపిస్తుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

బంధువుల సంగతి మీరు అడగలేదు గానీ నాకు తెలుసు, అది ఉంటుంది. పిన్నిని డబ్బు అడగాలంటే మొహమాటం, అడగకపోతే ఆవిడ వెంట ఇంకో ఇద్దరు ఉచితానికే వస్తారు. ధరల బోర్డు అచ్చు వేయించి గోడకు తగిలించండి, పక్కనే యూపీఐ క్యూఆర్ కోడ్ పెట్టండి. బోర్డు మీ బదులు మాట్లాడుతుంది. పిన్ని వద్ద పూర్తి ధర తీసుకుని, తలకు నూనె పెట్టి పది నిమిషాలు మర్దన చేయండి. సంతోషంగా వెళ్తుంది, ఊరంతా చెబుతుంది. అరువు ఎవరికీ వద్దు. 50 రూపాయలు బాకీపడ్డ మనిషి ఆ 50 ఇవ్వలేక కాదు, ముఖం చూపలేక రావడం మానేస్తుంది. డబ్బూ పోతుంది, మనిషీ పోతుంది.

పెళ్లి మేకప్ పనులు ఎక్కడ దొరుకుతాయి, ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది అసలైన ప్రశ్న. ఆ కస్టమర్లు ఎక్కడ దొరుకుతారంటే, నేను మొదట చూపేది మగ్గం వర్కు చేసే టైలరు దుకాణం. పెళ్లికూతురు ఫంక్షన్ హాలు తర్వాత వెంటనే పరుగెత్తేది జాకెట్టు కోసమే. మగ్గం పనికి వారాల సమయం పడుతుంది కాబట్టి ముహూర్తానికి చాలా ముందే ఆ దుకాణానికి వస్తుంది, కొలతలకు ఒకసారి, సరిచూసుకోవడానికి ఇంకోసారి. మేకప్ ఎవరితో చేయించుకోవాలన్న మాట అక్కడే వస్తుంది. ఆ టైలరుకు కమిషన్ ఆశ పెట్టే ముందు, ఆమెకు ఒకసారి మంచి ఫేషియల్ చేయండి. తన ముఖం మీద చూసుకున్న పనిని ఆమె నమ్మకంగా చెబుతుంది. మీరూ మీ కస్టమర్లను ఆమె వద్దకు పంపండి. పూలజడలు కట్టేవారు, చీరలకు ముందుగా కుచ్చిళ్లు పెట్టి ఇచ్చేవారు, నగలు అద్దెకిచ్చేవారు, ఫొటోగ్రాఫర్లు, వీళ్లందరిదీ ఇదే వలయం.

కానీ మొదటి పనిగా పెళ్లికూతుర్ని ఒప్పుకోకండి. సీమంతం, ఓణీల ఫంక్షన్, నిశ్చితార్థంలో అక్కచెల్లెళ్ల మేకప్‌తో చేయి తిప్పండి. మన ముహూర్తాలు చాలా వరకు రాత్రివేళ, తెల్లవారుజామున. అర్ధరాత్రి ఫంక్షన్ హాల్లో కరెంటు వెలుగులో మేకప్ వేయాలి, తిరిగి ఇంటికి రావాలి, తోడు ఎవరో ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. ఒకే ముహూర్తానికి ఊళ్లో పదేసి పెళ్లిళ్లుంటాయి కాబట్టి బయానా లేకుండా తేదీ రాసుకోవద్దు. మేకప్ ఒకసారి ముందే వేసి చూపండి, ఫోనులో ఫ్లాష్‌తో ఫొటో తీసి ముఖం మెడ కంటే తెల్లగా కొడుతోందా చూసుకోండి. పెళ్లికి వారం రోజుల లోపు కొత్త ఫేషియల్, కొత్త బ్లీచ్ ఏదీ చేయకండి, ఎంత బతిమాలినా.

పంచాంగం ఒకటి కొని ముహూర్తాల తేదీలకు గుర్తులు పెట్టుకోండి. ఆషాఢం, మూఢం, ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు. ఆ ఖాళీకి భయపడి ధరలు తగ్గించేవారు ఉన్నారు, మీరు ఆ పని చేయకండి. ఆషాఢంలో కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింటికి వస్తారు, గోరింటాకు ఎలాగూ ఉంటుంది, హెయిర్ స్పాకు పెడిక్యూర్‌కు తీరిక దొరికే నెల అది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు, మీ ఖమ్మంలో సద్దుల బతుకమ్మ ముందు కూర్చోవడానికి చోటుండదు. ఆ రోజులకు పది రోజుల ముందే మీ నోటుపుస్తకంలోని వాళ్లకు సమయాలు ఇచ్చేయండి, మిగిలినవే కొత్తవారికి. మంగళ, శుక్రవారాలు చాలామంది జుట్టు కత్తిరించుకోరు, ఆ రోజులు ఫేషియల్స్‌కు మళ్లించండి. టీచర్లు, ఆఫీసులకు వెళ్లేవారు సాయంత్రం ఐదు దాటాకే వస్తారు. ఆరింటికి మూసేస్తే వాళ్లను పక్క వీధికి మీరే పంపినట్టు.

ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. వారంలో తెల్లబడతారు అంటూ స్టెరాయిడ్ కలిసిన క్రీములు అమ్మేవారు మీ వద్దకూ వస్తారు. వాటితో మొదట ముఖం నిజంగానే మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రబారుతుంది, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, మానేస్తే మరీ ఎక్కువవుతుంది. గుమ్మం తొక్కనివ్వకండి వాళ్లను. అలాగే జుట్టు రంగుల్లో, నల్ల మెహందీలో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి తీవ్రంగా పడదు. చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూశాకే తలకు వేయండి. "ఇప్పుడే కావాలి, సాయంత్రం ఫంక్షన్ ఉంది" అని అడిగేవారు పోతే పోనివ్వండి. ముఖం వాచిన ఒక్క మనిషి చాలు, వీధి వీధంతా ఖాళీ అవుతుంది. చర్మం మీద అనుమానంగా ఏదైనా కనిపిస్తే చర్మవ్యాధుల డాక్టరు వద్దకు పంపండి. పంపినందుకు ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు, ఆ గౌరవంతో తిరిగి వస్తారు.

పక్క వీధి పార్లర్ 10 రూపాయలు తక్కువ తీసుకుంటే తీసుకోనివ్వండి. మూడు వారాలకోసారి 10 రూపాయల తేడా కోసం నచ్చిన కనుబొమను ఎవరూ పోగొట్టుకోరు. ఆమెతో పలకరింపు పెట్టుకోండి. ఒకే ముహూర్తానికి మీకు రెండు పిలుపులొచ్చిన రోజు ఒకటి ఆమెకు చెప్పండి, ఇంకో రోజు ఆమె మీకు చెబుతుంది. కాగితాల విషయానికొస్తే నగరపాలక సంస్థ వద్ద ట్రేడ్ లైసెన్సు తీసుకోండి. సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు, దాని గురించి ఇప్పుడే నిద్ర పాడుచేసుకోకండి.

చివరిగా యంత్రం. వద్దు, ఇప్పుడు వద్దు. రోజుకు ఇద్దరు ముగ్గురు వచ్చే చోట వాయిదా కట్టవలసిన యంత్రం పెడితే, కట్టడం కోసం అవసరం లేనివారికి కూడా అంటగట్టవలసి వస్తుంది. వాళ్లు మొహమాటానికి ఒకసారి చేయించుకుని ఇంకెప్పుడూ రారు. ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు రుణం ఇస్తారు. తీసుకోవాలనే ఉంటే దానితో వెనక్కి వాలే మంచి కుర్చీ, స్టీమరు, ఒక ఇన్వర్టరు కొనండి. ఖమ్మం ఎండల్లో ఫేషియల్ ప్యాక్ వేశాక కరెంటు పోతే ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. నోటుపుస్తకంలోని వాళ్లే పది పదిహేను మంది "హైడ్రాఫేషియల్ మీ వద్ద లేదా?" అని అడిగి, బయట ఎంత పెట్టి చేయించుకుంటున్నారో కూడా చెప్పాక ఆ లెక్క మళ్లీ వేద్దాం. అంతవరకు యంత్రం అమ్మేవాళ్లు ఫోను చేస్తే సంక్రాంతి తర్వాత చూద్దామని చెప్పండి. కనుమ మర్నాడే మళ్లీ చేస్తారు, అప్పుడు ఉగాది అనండి.